ఉమ్మడి రాజధానిలో ఊరివాళ్లు

మన జానపద సినిమాల్లో రాజధాని అంటే ఒక రాజు, ఒక కోట, ఒక సింహాసనం. ‘బాహుబలి’లోని మాహిష్మతి దాకా అదే లెక్క. గద్దె కోసం తగువు వచ్చినా అది అన్నదమ్ముల మధ్య తగువే; ఆ నగరం ఏ రాజ్యానిదన్న సందేహం ఎవరికీ రాదు. ఊహాలోకపు కథల్లో ఇంకో రకం నగరం కూడా ఉంది. పెద్ద యుద్ధం ముగిశాకో, ఉమ్మడి శత్రువు ముంచుకొచ్చినప్పుడో నాలుగైదు రాజ్యాలు పొత్తు కడతాయి. ఆ పొత్తుకు కొలువుగా అందరిదీ అయిన ఒక నగరాన్ని నిలబెట్టుకుంటాయి. రచయితలు అలాంటి నగరాన్ని ఎంతో మక్కువతో వర్ణిస్తారు. ఒక వీధిలో ఒక జాతి వంటలు, పక్క వీధిలో మరో జాతి గుడి, సంతలో అయిదారు భాషలు, సభామండపంలో వరసగా అన్ని రాజ్యాల జెండాలు. చదువుతుంటే ముచ్చటేస్తుంది. అయితే ఆ నగరం దేనివల్ల నిలబడి ఉందని అడిగితే చాలా కథల్లో దొరికే జవాబు ఒక్కటే: దాన్ని స్థాపించినవాళ్ల స్నేహం. టోల్కీన్ ఊహించిన గోండోర్ రాజ్యంలోనూ ఇసిల్దూర్, అనారియన్ అనే అన్నదమ్ముల సింహాసనాలు ఓస్గిలియత్ నగరంలో పక్కపక్కనే ఉంటాయి. అన్నదమ్ముల ప్రేమే అక్కడి రాజ్యాంగం. చరిత్రలోని ఉమ్మడి రాజధానులను చూస్తే ఈ జవాబు నిలవదు. అవి నిలిచినచోట, భాగస్వాములందరికంటే బలహీనమైన గడ్డ మీద పెట్టడం వల్ల నిలిచాయి. ఆ బలహీనతకు మూల్యం చెల్లించింది మాత్రం పొత్తు కట్టిన రాజులు కాదు, ఆ ఊళ్లో ఇల్లు కట్టుకుని బతికే జనం. ఊహా నగరాలను సృష్టించేవాళ్లు ఎక్కువగా వదిలేస్తున్నదీ ఈ జనాన్నే.

వదిలేయని కథ ఒకటి ఉంది, ముందు దాన్ని చూద్దాం. ‘ది లెజెండ్ ఆఫ్ కోరా’ 2012లో మొదలైన అమెరికన్ యానిమేషన్ ధారావాహిక. దీనికి ముందుకథ అయిన ‘అవతార్: ద లాస్ట్ ఎయిర్‌బెండర్’లో అగ్ని రాజ్యం మిగతా ప్రపంచం మీద వందేళ్లు యుద్ధం చేస్తుంది. యుద్ధం ముగిశాక పాత శత్రువులే చేతులు కలిపి, భూరాజ్యపు నేల మీద అగ్ని రాజ్యం ఒకప్పుడు పెట్టుకున్న వలసల్లో ఒక కొత్త దేశాన్ని నెలకొల్పుతారు. దాని రాజధాని రిపబ్లిక్ సిటీ. అక్కడ నాలుగు జాతులవాళ్లూ కలిసి బతుకుతారు, రోడ్ల మీద మోటారు కార్లు తిరుగుతాయి, క్రీడా మైదానంలో వేర్వేరు జాతుల ఆటగాళ్లు ఒకే జట్టులో ఆడతారు. నగరాన్ని పాలించేది అయిదుగురు సభ్యుల మండలి. ఉత్తర, దక్షిణ జలతెగలకు చెరొకరు, భూరాజ్యానికి ఒకరు, అగ్ని రాజ్యానికి ఒకరు, వాయు సంచారులకు ఒకరు. పైకి ఇది ఎంతో న్యాయంగా కనిపిస్తుంది. కానీ ఆ అయిదుగురిలో ఒక్కరు కూడా నగరవాసులు ఓటేసి పంపినవాళ్లు కారు. నీరు, నేల, నిప్పు, గాలిని వశం చేసుకునే శక్తి లేని మామూలు జనానికి మండలిలో తమవాళ్లు లేరు. అందుకే ముసుగు నాయకుడు ఒకడు వచ్చి, మీ నెత్తిన ఎవరెవరో కూర్చుని పాలిస్తున్నారని అనగానే వేలాదిమంది వెంట నడుస్తారు. కథ మొదటి భాగం ముగిశాక మండలి రద్దవుతుంది, ఎన్నికైన అధ్యక్షుడు వస్తాడు. పిల్లల కోసం తీసిన ధారావాహిక ఇంత లోతైన విషయాన్ని పట్టుకోవడం నిజంగా మెచ్చుకోదగ్గది. రాజ్యాల మధ్య సమానత్వం నగరంలోని మనుషుల మధ్య సమానత్వం కాదని ఆ కథ గుర్తించింది.

చరిత్రలో ఇందుకు తొలి సాక్ష్యం గ్రీసు దగ్గరి డెలోస్ దీవి. నాలుగు చదరపు కిలోమీటర్లు కూడా లేని ఆ రాతి దీవి అపోలో దేవుడు పుట్టిన చోటని గ్రీకుల నమ్మకం. చుట్టుపక్కల దీవులవాళ్లంతా అక్కడి ఉత్సవాలకు వచ్చేవాళ్లు. పర్షియా దండయాత్రలను తిప్పికొట్టాక, క్రీస్తుపూర్వం 478లో, ఏథెన్స్ నాయకత్వాన ఏజియన్ తీరంలోని గ్రీకు నగరాలు ఒక కూటమి కట్టాయి. ఓడలు ఇవ్వగలిగినవాళ్లు ఓడలు, ఇవ్వలేనివాళ్లు వెండి ఇవ్వాలని ఒప్పందం. ఖజానా డెలోస్‌లో ఉంచారు, సభలూ అక్కడి గుడి దగ్గరే. ఆ ఎంపికలో మంచి తెలివి ఉంది. డెలోస్‌కు సైన్యం లేదు, నౌకాబలం లేదు. దాన్ని చూసి ఎవరూ భయపడనక్కర్లేదు. దేవుడి సొమ్ము దగ్గర పెట్టిన డబ్బు మీద చెయ్యి వేయడానికి ఎవరైనా జంకుతారు. ఇరవై ఏళ్లకు పైగా ఈ ఏర్పాటు సాగింది. అప్పటికే ఏథెన్స్ బలం పెరిగిపోయింది. కూటమి నుంచి తప్పుకోబోయిన నాక్సోస్‌ను ముట్టడించి లొంగదీసుకుంది. ఎదురు తిరిగిన థాసోస్ మూడో ఏట లొంగిపోతే దాని కోటగోడలు కూలగొట్టించింది. క్రీస్తుపూర్వం 454లో ఖజానాను డెలోస్ నుంచి ఏథెన్స్‌కు తరలించారు. ఆ ఏటి నుంచి, మిత్రనగరాలు కట్టే కప్పంలో అరవయ్యో వంతు ఎథీనా దేవతకు చెల్లుతూ వచ్చింది. ఏ నగరం వాటా ఎంతో ఏటేటా రాతిపలకల మీద చెక్కించారు. ఆ పలకల ముక్కలు ఇప్పటికీ ఉన్నాయి. క్రీస్తుపూర్వం 447లో పార్థెనాన్ ఆలయం పని మొదలైంది. తర్వాత తర్వాత మిత్రనగరాల పెద్ద నేరాల విచారణలు ఏథెన్స్ కోర్టులకు చేరాయి. నాలుగేళ్లకోసారి జరిగే ఎథీనా మహోత్సవానికి ప్రతి మిత్రనగరమూ ఒక ఆవునూ, ఒక సైనికుడి పూర్తి కవచాన్నీ పంపాల్సి వచ్చింది. అందరిదీ అయిన రాజధాని బలవంతుడి ఇంటికి మారాక, పొత్తు సామ్రాజ్యంగా మారడానికి పెద్దగా సమయం పట్టలేదు.

చరిత్ర పుస్తకాలు సాధారణంగా ఈ కథను ఇక్కడితో ఆపుతాయి. నా దృష్టిలో అసలు విషాదం డెలోస్ జనానిది. ఖజానా పోయాక కూడా దీవి పవిత్రతను ఏథెన్స్ తన చేతుల్లోనే ఉంచుకుంది. క్రీస్తుపూర్వం 426లో దీవిని శుద్ధి చేస్తున్నామంటూ అక్కడున్న సమాధులన్నీ తవ్వించి, అస్థికలను అవతలికి తరలించింది. ఇక మీదట ఆ దీవిలో ఎవరూ పుట్టకూడదు, ఎవరూ చావకూడదని శాసించింది. నిండు గర్భిణులను, చావు దగ్గరపడ్డవాళ్లను పడవ ఎక్కించి పక్కనున్న రెనేయా దీవికి తీసుకుపోవాలి. సొంత ఊళ్లో పురిటికి, చావుకు కూడా నోచుకోని జనం వాళ్లు. అదీ చాలదన్నట్టు క్రీస్తుపూర్వం 422లో డెలోస్ వాసులందరినీ ఊరు వదిలి పొమ్మన్నారు. పర్షియా అధికారి ఒకడు ఆసియా తీరంలో ఇంత చోటిస్తే అక్కడ తలదాచుకున్నారు. మరుసటి ఏడు దేవవాణి ఆజ్ఞ అంటూ వెనక్కి రానిచ్చారు. ఈ జనం చేసిన తప్పేమిటి? ఎవరికీ భయం కలిగించని చోట, అందరూ కోరుకున్న చోట పుట్టడం. ఒక ఊహా నగరానికి ఇంతకంటే గొప్ప కథావస్తువు దొరుకుతుందని నేననుకోను. అయినా ఇలాంటి కథల్లో పురోహితులు, రాయబారులు, సేనాపతులు కనిపిస్తారు కానీ ఆ పడవలో నొప్పులు పడే ఆడమనిషి కనిపించదు.

డెలోస్‌లో తప్పిన లెక్కను డచ్చివాళ్లు సరిచేసుకున్నారు. 16వ శతాబ్దం చివర స్పెయిన్ రాజు మీద తిరగబడిన ఏడు సంస్థానాలు కలిసి ఒక గణతంత్రంగా ఏర్పడ్డాయి. వాటిలో హాలండ్ ఒక్కటే ఉమ్మడి ఖర్చులో సగానికి మించి భరించేది. అయినా ఉమ్మడి సభలో ఏడింటికీ తలా ఒక్క ఓటు. అధ్యక్షస్థానం వారానికొక సంస్థానం చొప్పున మారేది. 1588 నుంచి ఆ సభకు ద హేగ్ శాశ్వత నెలవైంది. హాలండ్‌లో ఆమ్‌స్టర్‌డామ్ లాంటి ధనిక నగరాలు ఉండగా ఈ ఊరే ఎందుకు? ద హేగ్‌కు నగర హోదా లేదు. హాలండ్ సంస్థాన సభలో ఓటు లేదు. కోటగోడ కూడా లేదు. దాన్ని చూసి అసూయపడాల్సిన పని ఎవరికీ లేదు. ఓటున్న నగరాలు తమ ప్రతినిధుల కోసం అక్కడ సొంతంగా బసలు కట్టుకున్నాయి, కొనుక్కున్నాయి. ఈ ఏర్పాటు రెండు వందల ఏళ్లకు పైగా నిలిచింది. పొత్తు రాజధానుల్లో అది చాలా దీర్ఘాయువు. ఆ ఊరి బలహీనతకు ధర మాత్రం, సభ అక్కడ స్థిరపడకముందు నుంచే, ఆ ఊరే చెల్లించింది. గోడ లేని ఊరు కాబట్టి 1570ల్లో స్పెయిన్ సేనలు దాన్ని దోచుకున్నాయి. శత్రువు మళ్లీ అక్కడ మకాం పెట్టకుండా ఊరినే నేలమట్టం చేద్దామని 1575లో పక్క పట్టణం డెల్ఫ్ట్ ప్రతిపాదించింది కూడా. చివరికి ద హేగ్‌కు నగర హోదా దక్కింది 1806లో, నెపోలియన్ తమ్ముడు లూయీ చేతుల మీదుగా. అప్పటికి గణతంత్రమే లేదు. హాలండ్ అందరికంటే బలమైన సంస్థానం, ద హేగ్ దాని నేల మీదే ఉంది కదా అని ఎవరైనా నన్ను నిలదీయవచ్చు. నిజమే, ఇది సంపూర్ణ తటస్థత కాదు. కానీ బలం హాలండ్‌లోని వర్తక నగరాలది. రాజధాని ఆ నగరాల చేతిలో లేదు. ఆ దూరమే మిగతా ఆరింటికీ ఊపిరి ఆడనిచ్చింది.

అమెరికా వాళ్లు ఇదే పాఠాన్ని భయంతో నేర్చుకున్నారు. 1783 జూన్‌లో జీతాలు అందని సైనికులు ఫిలడెల్ఫియాలో కాంగ్రెస్ కూర్చున్న భవనాన్ని చుట్టుముట్టారు. ఆ ఊరున్న పెన్సిల్వేనియా ప్రభుత్వం రక్షణ దళాన్ని పిలిపించడానికి ఒప్పుకోలేదు. కాంగ్రెస్ సభ్యులు ప్రిన్స్‌టన్‌కు తరలిపోవాల్సి వచ్చింది. పరాయి ఇంట్లో కూర్చుంటే ఆ ఇంటివాళ్ల దయ మీద బతకాలని వాళ్లకు అర్థమైంది. అందుకే రాజ్యాంగంలోనే, పది మైళ్ల చతురస్రానికి మించని ప్రాంతాన్ని ఏ రాష్ట్రానికీ చెందకుండా కేంద్ర పాలనలో ఉంచుకునే అధికారం రాసుకున్నారు. 1790 చట్టంతో పొటోమాక్ నది ఒడ్డున వాషింగ్టన్ వచ్చింది. అంతవరకు మేరీల్యాండ్, వర్జీనియా ఓటర్లుగా ఉన్న అక్కడి జనం 1801 చట్టం తర్వాత కాంగ్రెస్‌కు గానీ అధ్యక్షుడికి గానీ ఓటు వేయలేని జనమయ్యారు. అధ్యక్ష ఎన్నికలో వాళ్లు తొలిసారి ఓటేసింది 1964లో. ఈనాటికీ ప్రతినిధుల సభలో వాళ్ల సభ్యుడు మాట్లాడగలడు గానీ తుది ఓటింగులో పాల్గొనలేడు. సెనేట్‌లో వాళ్లకు ఎవరూ లేరు. 2020 జనగణన ప్రకారం ఆ నగర జనాభా 6.89 లక్షలు. 5.77 లక్షల జనాభా ఉన్న వయోమింగ్‌కు మాత్రం ఇద్దరు సెనేటర్లు. ప్రాతినిధ్యం లేని పన్నుల మీద తిరగబడి పుట్టిన దేశపు రాజధాని అది. అక్కడి కార్ల నంబరు ప్లేట్ల మీదే ఆ ఫిర్యాదు రాసి ఉంటుంది.

ఆస్ట్రేలియాది మరీ అంత కఠినమైన కథ కాదు. సిడ్నీ, మెల్‌బోర్న్‌ల పోటీ తెగక, రాజధాని న్యూ సౌత్ వేల్స్‌లోనే ఉండాలి గానీ సిడ్నీకి వంద మైళ్లకు తగ్గని దూరంలో ఉండాలనీ, అంతవరకు పార్లమెంటు మెల్‌బోర్న్‌లో కూర్చుంటుందనీ రాజ్యాంగంలోనే రాజీ చేసుకున్నారు. అలా కాన్‌బెర్రా పుట్టింది, పార్లమెంటు 1927లో అక్కడికి చేరింది. నా వాదనకు ఎదురు నిలిచే సంగతి ఒకటి ఇక్కడుంది. 1978లో స్వపరిపాలన కావాలా అని ఓటు పెడితే కాన్‌బెర్రా ప్రజల్లో ఎక్కువమంది వద్దన్నారు. ఖర్చంతా కేంద్రమే పెట్టుకుంటుంటే సొంత సభ ఎందుకని వాళ్ల లెక్క. గొంతు లేకపోవడం అందరికీ భారం కాదేమో అనిపించవచ్చు. అయితే వద్దని చెప్పడానికైనా వాళ్లను అడిగారు, అది మరవకూడదు. 1989లో స్వపరిపాలన వచ్చింది, ఇప్పటిదాకా కొనసాగుతోంది.

మన దేశంలో ఈ ప్రశ్నకు నిలువెత్తు ఉదాహరణ చండీగఢ్. దేశవిభజనలో లాహోర్ పోగొట్టుకున్న పంజాబ్ కోసం లె కార్బూజియే బృందం రూపకల్పన చేసిన నగరం అది. 1966 నవంబర్ 1న పంజాబ్ నుంచి హర్యానా విడిపోయినప్పుడు ఎవరికిస్తే ఎవరికి కోపమోనని కేంద్రపాలిత ప్రాంతం చేసి, రెండింటికీ రాజధానిగా ఉంచారు. రెండు రాష్ట్రాల శాసనసభలు ఒకే భవన సముదాయంలో కూర్చుంటాయి, ఆస్తులను 60:40గా పంచారు. చండీగఢ్ పంజాబ్‌దే కావాలంటూ దర్శన్ సింగ్ ఫేరుమాన్ 1969లో నిరాహార దీక్ష చేసి ప్రాణం వదిలారు. 1985లో రాజీవ్-లోంగోవాల్ ఒప్పందం ప్రకారం 1986 జనవరి 26న నగరం పంజాబ్ చేతికి రావాలి. రాలేదు. 2022 ఏప్రిల్‌లో కూడా పంజాబ్ శాసనసభ చండీగఢ్ మాదేనని తీర్మానం చేస్తే, కొద్దిరోజులకే హర్యానా శాసనసభ ఎదురు తీర్మానం చేసింది. తాత్కాలికమని మొదలుపెట్టిన ఏర్పాటు అరవై ఏళ్లు నడిచిందంటే, రెండు రాష్ట్రాలకూ ప్రేమ కుదిరి కాదు; నగరం రెండింటిలో ఎవరి చేతిలోనూ లేకపోవడం వల్ల. ఈ తగువుల చరిత్ర మొత్తంలో చండీగఢ్ వాసి ఏమనుకుంటున్నాడన్నది ఎక్కడా లెక్కలోకి రాదు. ఆ నగరానికి సొంత శాసనసభ లేదు. లోక్‌సభలో ఒక్క సభ్యుడు. నగరపాలక సంస్థ మేయర్ పదవీకాలం ఏడాది. 1984 నుంచి పంజాబ్ గవర్నరే అక్కడి పాలనాధికారి. నగరం కట్టడానికి ఊళ్లు, పొలాలు వదులుకున్న రైతుల సంగతి ఎత్తేవాళ్లు ఇంకా తక్కువ.

తెలుగువాళ్లకు ఈ విషయం పుస్తకాల్లో చదివి తెలుసుకోవాల్సినది కాదు. ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టం ప్రకారం 2014 జూన్ 2 నుంచి పదేళ్లకు మించకుండా హైదరాబాద్ రెండు రాష్ట్రాల ఉమ్మడి రాజధాని. కానీ చండీగఢ్‌లా అది వేరే ప్రాంతం కాదు, తెలంగాణలో భాగం. ఉమ్మడి ప్రాంతంలో ఉండే అందరి ప్రాణాలకు, ఆస్తులకు రక్షణ కల్పించే ప్రత్యేక బాధ్యతను చట్టం ఎనిమిదో సెక్షన్‌లో గవర్నర్‌కు అప్పగించారు. 2015లో ఓటుకు నోటు కేసు, ఫోన్ ట్యాపింగ్ ఆరోపణల వేడిలో ఆ సెక్షన్‌ను అమలు చేయాలా వద్దా అని రెండు ప్రభుత్వాలూ బాహాటంగా వాదులాడుకున్నాయి. పోలీసు ఎవరి మాట వినాలన్నదే అక్కడ అసలు ప్రశ్న. 2016లో ఆంధ్రప్రదేశ్ సచివాలయం వెలగపూడికి తరలింది. ఉమ్మడి హైకోర్టు 2018 చివరిదాకా ఉండి, 2019 జనవరి 1న రెండయింది. 2024 జూన్ 2న గడువు తీరేనాటికి ఉమ్మడి అన్నది చాలావరకు కాగితం మీది మాటే. ఇందులో రాజకీయాల పాత్ర లేదని నేననను. అయితే నాయకులు ఎంత సఖ్యంగా ఉన్నా, ఒక భాగస్వామి సొంత గడ్డ మీద రెండో భాగస్వామి రాజధాని పదేళ్లు సాఫీగా సాగడం కష్టమని డెలోస్ నుంచి ఏథెన్స్‌కు తరలిన ఖజానా చెబుతూనే ఉంది. మరోవైపు, హైదరాబాద్ వాసి తన ఓటును పోగొట్టుకోలేదు. ఉమ్మడి ఏర్పాటు పూర్తిగా కుదరలేదు గానీ ఊరివాడి గొంతు నిలిచింది. నా లెక్కలో అది చిన్న లాభం కాదు.

కల్పిత కథకు ఇన్ని చట్టాలు, ఖజానా లెక్కలు ఎందుకన్నది సహజంగా వచ్చే అభ్యంతరం. పాఠకుడు కోరేది అద్భుతం కానీ పురపాలక నివేదిక కాదు కదా అంటారు. నేను రాజ్యాంగాన్ని అధ్యాయంగా రాయమనడం లేదు. నిబంధనలోంచి కథ ఎంత పుష్కలంగా పుడుతుందో మన కళ్లెదుటే ఉంది. ప్రశాంత్ నీల్ 2023లో తీసిన ‘సలార్’లోని ఖాన్సార్ మూడు తెగల నగరం. గద్దె విషయంలో ఒక తెగ మాట తప్పి ఇంకో తెగను ఊచకోత కోయడం నుంచే ఆ సినిమా కథంతా బయలుదేరుతుంది. ఆ ఒక్క నిబంధన లేకపోతే అక్కడ మిగిలేది కొట్లాటలే. ఖాన్సార్‌లో నాకు లోటుగా అనిపించేది వేరు. ఏ తెగ దొరకూ చెందని మామూలు ఇంటి మనిషి ఏ లెక్కలో వస్తాడన్న దాని మీద సినిమా ఎక్కువసేపు నిలవదు.

బలవంతుడి ఇల్లు రాజధాని అయితేనే వైభవం వస్తుందన్న వాదన ఇంతకంటే బరువైనది. మిత్రుల వెండి లేకపోతే ఏథెన్స్ పార్థెనాన్ అంత తేలిగ్గా లేచేది కాదు. డెలోస్‌లోనే ఖజానా ఉండి ఉంటే ఈనాడు ప్రపంచం చూసి మురిసే ఆ కట్టడం ఉండేదా? బహుశా ఉండేది కాదు, ఒప్పుకుంటాను. అందమైన నగరానికీ, అందరి నగరానికీ మధ్య ఎంచుకోవాల్సి రావడమే ఈ వస్తువులోని బరువు. ఆ ఎంపికను దాచిపెట్టి, అందమూ సమానత్వమూ రెండూ ఉచితంగా దొరికినట్టు రాస్తే నష్టపోయేది కథే. ఖర్చు ఎవరు పెట్టుకున్నారో రాయడం వల్ల పార్థెనాన్ అందం ఏమీ తగ్గదు.

రిపబ్లిక్ సిటీ కథ కూడా ఎన్నికైన అధ్యక్షుడితో ఆగలేదు. 2014లో వచ్చిన చివరి భాగంలో కువీరా అనే సేనాని ఛిన్నాభిన్నమైన భూరాజ్యాన్ని ఒక్కటి చేసి, రిపబ్లిక్ సిటీ కూడా తమదేనంటుంది. ఆ నేల మొదట భూరాజ్యానిదే. అగ్ని రాజ్యం ఆక్రమించింది. యుద్ధం ముగిశాక తిరిగి ఇవ్వకుండా ఇద్దరు పెద్దమనుషులు దాన్ని వేరే దేశం చేసేశారు. ఆమె పద్ధతి క్రూరమైనదే, కానీ మాటలో కొంత నిజం ఉంది. చండీగఢ్ మాదంటూ పంజాబ్ చెప్పే మాటలోనూ ఇలాంటి నిజమే ఉంది. కథలో ఆమెకు ఎదురయ్యే జవాబు మాత్రం యుద్ధమే. ఆమె భారీ యుద్ధయంత్రాన్ని కూలగొట్టి ఆమెను పట్టుకుంటారు, భూరాజ్యపు యువరాజు రాచరికాన్నే రద్దు చేస్తానంటాడు. ఆ నేల చరిత్ర ఏమైనా, డెబ్బై ఏళ్లుగా అక్కడ పుట్టి పెరిగిన నాలుగు జాతుల బిడ్డలకు దాని మీద ఏ హక్కుందన్నది ఎవరూ నోరు తెరిచి చెప్పరు. ఉమ్మడి నగరాన్ని ఊహించే తెలుగు రచయిత ఎవరైనా ఈ జవాబు దగ్గర కలం పెట్టవచ్చు. దానికి కావలసిన సామగ్రి మన పదేళ్ల అనుభవంలోనే బోలెడంత ఉంది.